గంగులప్ప పేరు పాడినప్పుడు తలుపు మూసి ఉంది

బంగారు గనుల్లో చనిపోయిన కార్మికుల కోసం కొత్తగా కట్టిన బృందగానాన్ని కేజీఎఫ్‌లోని ఒక పాత చర్చిలో మొదటిసారి పాడుతున్నారని బెంగళూరులో ఒక మిత్రుడు చెప్పాడు. చర్చిల్లో వాయించే ఆర్గన్ కూడా ఉంటుందన్నాడు. ఆర్గన్ అంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. పైగా చివరి భాగంలో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా పాడతారట. అది విన్నాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

బెంగళూరులో పొద్దున మారికుప్పం ప్యాసింజరు ఎక్కితే మధ్యాహ్నం భోజనం వేళకు ముందే దిగిపోవచ్చు. టికెట్టు ఒక దోసె ధర కన్నా తక్కువ. బంగారుపేట దాటాక గనుల నుంచి తీసి పోసిన మట్టి దిబ్బలు కిటికీ నిండా కనిపిస్తాయి. నేను కోరమండల్ స్టేషన్లో దిగి, ఊరు తిరిగి, భోంచేసి, మూడున్నరకు ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ వెంకటేశు నూట యాభై అడిగాడు. తన పెద్దమ్మ కూడా అక్కడికే వస్తుందని, దారిలో ఎక్కించుకుంటానని అన్నాడు.

పెద్దమ్మ పేరు మునెమ్మ. పుంగనూరు దగ్గరి పల్లె నుంచి పెళ్లి చేసుకుని ఈ కార్మికుల ఇళ్ల లైన్లకు వచ్చింది. గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాత ఒక రాక్‌బర్స్ట్‌లో, అంటే లోపలి రాయి ఒత్తిడికి పేలి మీద పడ్డప్పుడు, ఆమె భర్త పోయాడు. ఆయన పేరు గంగులప్ప అని వెంకటేశే చెప్పాడు.

"నేను ఆ పేరు పలకకూడదు గదప్పా. అత్తామామా పోయినాక ఆ పేరు పిలిచేవాళ్లే లేరు. ఈపొద్దు అంతమందిలో పాడతారంట. వినాలని వస్తా ఉండా" అంది మునెమ్మ.

రాక్‌బర్స్ట్ అయితే పైన ఇళ్లల్లో కూడా నేల అదిరి గిన్నెలు పడేవట. అప్పుడు ఆడవాళ్లంతా పొయ్యి ఆర్పేసి వీధిలోకి వచ్చి, గనిలోకి దిగే బావి, అంటే షాఫ్ట్ వైపు తిరిగి నిలబడేవాళ్లట. లోపలున్న మగవాళ్లు పైకి వచ్చేదాకా ఎవరూ ఇంట్లోకి పోయేవాళ్లు కాదట.

చర్చిలో ముందు వరుసలన్నీ పెద్దమనుషులకే. ఎవరి చావు మీద పాట కట్టారో వాళ్ల ఇంటివాళ్లకు తలుపు పక్కన చివరి బెంచీలు. నాకు అక్కడే చిర్రెత్తింది. పాట మాత్రం అద్భుతంగా ఉంది, కాదనను. సగం అయ్యాక ఆర్గన్ బాగా లోతైన స్వరం అందుకుంది. స్పీకర్లు ఎంత పెద్దవంటే బెంచీ వణికింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

మునెమ్మ లేచింది. ఆ బెంచీల్లోని ముసలమ్మలందరూ లేచారు. బయట మెట్ల మీదికి వెళ్లి షాఫ్ట్ ఉన్న దిక్కుకు తిరిగి నిలబడ్డారు.

బ్యాడ్జీ పెట్టుకున్న నిర్వాహకుడు ఒకాయన వెళ్లి తలుపు మూసేశాడు. నేను పరుగున వెళ్లి, వాళ్లను లోపలికి రానివ్వమన్నాను. రికార్డింగ్ జరుగుతోందని, చప్పుడు చేయొద్దని అన్నాడు. రాబోయే పేర్లు వాళ్ల భర్తలవే అన్నాను. తర్వాత ఫోనుకు లింకు పంపిస్తాం అన్నాడు. గడియ మీద చెయ్యి వేస్తే నెట్టేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది. వెనకాల పాట సాగుతూనే ఉంది. గంగులప్ప పేరు ఎంత చక్కగా పాడారో! ముందు వరుసలో ఒకాయన ఆ సమయంలో ఫోను చూసుకుంటున్నాడు.

చప్పట్లు అయ్యాకే తలుపు తీశారు.

"అన్నారా అప్పా?" అని అడిగింది మునెమ్మ.

అన్నారని చెప్పాను. ఆమెకు కోపం కూడా రాలేదు.

"ఆయప్ప పోయినప్పుడూ ఇట్లే. లోపల పేర్లు చదివినారు. మేము గని గేటు బయట నిలబడుకోని ఉంటిమి" అంది. నా వైపు తిరిగి, "నువ్వొకసారి అను" అంది.

అక్కడే, మెట్ల మీద, గట్టిగా అన్నాను.

తిరుగు రైల్లో కూడా నా కోపం చల్లారలేదు. చనిపోయినవాళ్లను గౌరవించడానికి ఇంత ఖర్చు, ఇంత సాధన చేసినవాళ్లకు, బతికున్నవాళ్లను గుమ్మం లోపలికి రానివ్వడం ఎందుకంత బరువైంది? ఈ పాట మళ్లీ పాడతారంటున్నారు. వెళ్లండి, వినదగ్గ పాటే. ఒక్క సలహా: ముందు వరుస పాసు కోసం ఎగబడకుండా చివరన తలుపు దగ్గర కూర్చోండి. ముసలమ్మలు లేచి బయటికి వెళ్తే, ఆ తలుపు మూయనివ్వకండి.