ఆంబ్రోస్ టకెట్‌కు దొరికిన సాక్షి

మా టివర్టన్ ఊళ్లో ఉన్ని దువ్వడంలో ఆంబ్రోస్ టకెట్‌ను మించినవాడు లేడనేవారు. అది రాజుకూ పార్లమెంటుకూ జరిగిన యుద్ధానికి ముందు మాట. రాజుగారి పక్షాన నిలబడ్డ టారింగ్టన్ పోరులో బల్లెం దిగి అతని కుడిచెయ్యి చచ్చుబడింది. పదహారేళ్లు భార్య థామసిన్ నూలు వడికి ఇల్లు నడిపింది. ఓడిన రాజుగారి కొడుకు మళ్లీ గద్దెనెక్కి, గాయపడ్డ సైనికులకు భరణం ఇమ్మని చట్టం చేశారని తెలియగానే ఆవిడ అర్జీ రాయించింది. మొగుణ్ణి ఎక్సెటర్ కోటకు బయల్దేరదీసింది. మా వీధివాళ్లం నలుగురం తోడు వెళ్లాం.

న్యాయాధికారుల ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఆంబ్రోస్ వంతు రాగానే గుమస్తా పెదవి విరిచాడు.

"నీ కెప్టెన్ సంతకమేదయ్యా?"

"ఆయన ఆ పోరులోనే పోయారు, దొరా."

"బండి మీంచి పడ్డ ప్రతివాడూ రాజుగారి వీరుణ్ణంటున్నాడు ఈమధ్య!"

అందరూ గొల్లున నవ్వారు. థామసిన్ ఊరుకుంటుందా! మొగుడి చొక్కా భుజం దాకా లాగేసింది.

"బండి ఇట్లా పొడుస్తుందా? చూడండి, వేలు పడుతుంది!"

"గాయం సరేనమ్మా. అది యుద్ధంలోనే తగిలిందని చెప్పేదెవరు?" అన్నాడు పెద్ద న్యాయాధికారి.

"నేను చెప్తాను!"

జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు మాతో వచ్చిన గిల్బర్ట్ హాస్కిన్, మా వీధిలో చెప్పులు కుట్టేవాడు. ఒకప్పుడు పార్లమెంటు సైన్యంలో ఉన్నవాడు. ఇప్పుడు ఆ మాట ఎత్తితేనే ప్రమాదం.

"పొడిచింది నేనే, దొరా. వీధికి అడ్డంగా కట్టిన గోడ మీద అందరూ పారిపోయినా ఇతనొక్కడే నిలబడ్డాడు. లాగుతుంటే నా బల్లెం మొన లోపలే విరిగింది. నొక్కి చూడండి!"

వైద్యుణ్ణి పిలిపించారు. అతను భుజం వెనక వేలితో నొక్కాడు. "ఇనుమే!" అని కేకపెట్టాడు.

కోట దద్దరిల్లింది. పాత శత్రువులను క్షమించే చట్టం ఉంది కాబట్టి గిల్బర్ట్‌ను ఏమీ అనలేదు. బతికున్నంతకాలం భరణం ఇవ్వాలని ఆంబ్రోస్ పేరు రాసుకున్నారు.

బయటికి రాగానే ఆంబ్రోస్ ఎడమచేత్తో గిల్బర్ట్ కాలర్ పట్టుకున్నాడు.

"నువ్వట్రా! ఇన్నేళ్లూ నా చెప్పులు ఊరికే కుట్టింది ఇందుకా?"

"మరెలా చెప్పమంటావు? మీ ఆవిడ చంపేసేది!"

"ఇప్పుడు మాత్రం చంపనా?" అంది థామసిన్. అంటూనే గిల్బర్ట్ మెడ వాటేసుకుని భోరుమంది.

ఆ సాయంత్రం సారాయి అంగడిలో ఆంబ్రోస్ వచ్చినవాడినల్లా ఆపి, "ఇదిగో, నన్ను పొడిచింది వీడే!" అంటూ గిల్బర్ట్‌ను గర్వంగా చూపించాడు.