తల్లి పేరు రాసే గడి

ముందు టీవీ గురించి రాయి. ఆ టీవీ లేకపోతే ఈ సంగతే లేదు.

అప్పుడు నువ్వు నాలుగో క్లాసు. ఢిల్లీలో ఇదే మయూర్ విహార్ ఇల్లు, ఇదే హాలు. కిటికీ పక్కన పెద్ద డబ్బా టీవీ ఉండేది. మీ అమ్మా నాన్నా ఎనిమిదిన్నరకల్లా ఆఫీసులకి వెళ్ళిపోయేవాళ్ళు. నువ్వు స్కూలు నుంచి అటే ట్యూషన్‌కి పోయి ఐదింటికి గానీ వచ్చేదానివి కాదు. మీ తాతయ్య పోయి రెండేళ్ళు, నేను హాస్పిటల్లో రిటైరై మూడేళ్ళు. ముప్ఫై ఏళ్ళు వార్డులో "సిస్టర్, సిస్టర్" అని పిలిపించుకున్న మనిషిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిలిచే నాథుడు లేడు. కుక్కర్ విజిల్ వేసినా "వస్తున్నా, వస్తున్నా" అనేదాన్ని. నవ్వకు, నిజమే చెప్తున్నా.

ఎదురు ఫ్లాట్‌లో పంజాబీ ఆవిడ ఉండేది, గుర్తుందా? నీ జేబులో వేయించిన శనగలు పోసేది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నేను దీదీ అనేదాన్ని. ఆవిడ నన్ను సిస్టర్‌జీ అనేది. ఆవిడకీ భర్త లేడు. ఒక్కతే కూతురు, గుర్గావ్‌లో కాపురం. గురువారం మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒక చేతిలో పళ్ళెం, పళ్ళెంలో పచ్చి బఠాణీలు, కాళ్ళకి ఉన్ని మేజోళ్ళు, తలుపు దబదబ బాదేది. బెల్లుంది కదా దీదీ అంటే, "బెల్లు కొట్టేది పాలవాడు, నేను కాదు" అనేది.

గురువారం మూడింటికి ఒక విదేశీ ఛానెల్లో ప్రోగ్రాం వచ్చేది. వారానికో పేరున్న మనిషి. ఒకరోజు సినిమా నటుడు, ఒకరోజు ఫుట్‌బాల్ ఆడేవాడు, ఒకరోజు టీవీలో వంటలు చేసే ఆవిడ. వాళ్ళ తాతలెవరో, ముత్తాతలెవరో వెతుక్కుంటూ ఊళ్ళు తిరుగుతారు. పాత కచేరీల్లో, చర్చిల్లో పుస్తకాలు తీయించి చూస్తారు. దీదీకి ఇంగ్లీషు రాదు. నాకు వచ్చింది హాస్పిటల్ ఇంగ్లీషు. ఆ దొరల మాట సగం అర్థమయ్యేది, మిగతా సగం నేనే కల్పించి హిందీలో చెప్పేదాన్ని. దీదీ బఠాణీలు ఒలుస్తూ తీర్పులు చెప్పేది.

"ఇదేంటి సిస్టర్‌జీ, ఎవడి తాతని తవ్వినా చివరికి ఏదో రాజుగారి బంధువే తేలతాడు. అందరూ రాజులైతే ఆ దేశంలో పేడ ఎవరు ఎత్తారు?"

వంటలావిడ వాళ్ళ ముత్తాత దొంగతనానికి జైలుకెళ్ళాడని తెలిసిన రోజు దీదీ సోఫాలోంచి లేచి చప్పట్లు కొట్టింది. "హా! ఇప్పుడు చెప్పారు నిజం!"

ఆ గంట కోసం వారమంతా ఎదురుచూస్తూ ఉండేదాన్ని. బుధవారం సాయంత్రమే టీ కప్పులు తీసి పెట్టుకునేదాన్ని.

జనవరిలో ఒక గురువారం వచ్చింది నటుడు. పెద్ద మనిషి, ఎత్తుగా, తెల్ల గడ్డంతో. వాళ్ళ అమ్మని కన్న తల్లి ఎవరో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదట. దిక్కులేని వాళ్ళని ఉంచే సత్రం లాంటి చోట పాత రిజిస్టర్ తీసి ఆయన ముందు పెట్టారు. ఒక వరస మీద వేలు పెట్టాడు. అక్కడ ఆవిడ పేరుంది. అంత మనిషీ వేలు తీయకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు.

దీదీ బఠాణీ కాయ పళ్ళెంలో పడేసింది. "అరే వాహ్! అమ్మమ్మ పేరు తెలియకుండానే ఇంత పెద్దవాడయ్యాడా? ఇన్నాళ్ళూ అన్నం ఎలా దిగింది? నౌటంకీ! ఒట్టి నాటకం!"

నేనూ నవ్వాను. ఆవిడకంటే గట్టిగా నవ్వాను.

ఎందుకు నవ్వానో ఇప్పుడు రాయి. మీ నాన్నకి కూడా ఇది తెలియదు. నాకు మా అమ్మమ్మ పేరు కాదు, మా అమ్మ పేరే తెలియదు.

గుంటూరు వైపు ఒక ఊళ్ళో ఆడపిల్లల మిషన్ బోర్డింగ్ ఉండేది. మూడేళ్ళప్పుడు మా నాన్న నన్ను అక్కడ వదిలిపెట్టాడు. అమ్మ అప్పటికే లేదు. నాన్న రెండు క్రిస్మస్‌లకి వచ్చాడు, రెండోసారి అరటిపళ్ళు తెచ్చాడు, ఆ తర్వాత రాలేదు. నన్ను పెంచింది బోర్డింగ్‌లో ఆయమ్మ. కొబ్బరినూనె అరచేతిలో పోసి నెత్తిన చరిచి, "కదలకే కోతీ" అంటూ కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా జడలేసేది. మా అమ్మ పేరేంటని ఆయమ్మని ఎప్పుడూ అడగలేదు. చిన్నప్పుడు అడగాలని తెలియదు. తెలిసే వయసుకి ఆయమ్మ లేదు.

తర్వాత ఆ అవసరమే రాలేదు. మా రోజుల్లో ఏ ఫారం తీసుకున్నా తండ్రి పేరు, లేకపోతే భర్త పేరు. నర్సింగ్ స్కూల్లో తండ్రి పేరు రాశాను, ఉద్యోగంలో తండ్రి పేరు, రేషన్ కార్డులో మీ తాతయ్య పేరు. అమ్మ పేరు రాయమన్న గడి నాకు ఎక్కడా తగల్లేదు. మీ తాతయ్యకి సంగతి తెలుసు. ఆయన అన్నేళ్ళ కాపురంలో ఒక్కసారీ దాని గురించి ఎత్తలేదు. అది ఆయన మర్యాద అనుకున్నాను. ఆయన పోయాక అనిపించింది, ఒక్కసారి ఎత్తి ఉంటే బాగుండేదని.

సరే, దీదీ సంగతికి రా. నౌటంకీ అన్నాక చేతులు దులుపుకుని గొప్పలకి దిగింది. వాళ్ళది సరిహద్దుకి అవతలి ఊరు. దేశం రెండుగా అయినప్పుడు కట్టుబట్టలతో వచ్చారు. హరిద్వార్‌లో వాళ్ళ పండా ఉన్నాడు. ఒక్కో వంశానికి ఒక్కో పంతులు, ఆయన దగ్గర బహీ అని పొడుగాటి పుస్తకం, ఎర్రగుడ్డలో చుట్టి ఉంటుంది. ఇంట్లో ఎవరు పోయినా గంగకి వెళ్ళినప్పుడు అందులో రాయిస్తారు.

"ఇల్లు పోయింది, పొలం పోయింది, గేదె పోయింది. బహీలో మా ఏడు తరాలూ పోలేదు. మీవాళ్ళది ఎక్కడ రాసుంది సిస్టర్‌జీ?"

"మా చర్చి పుస్తకంలో" అన్నాను.

"అచ్ఛా? ఎన్ని తరాలు?"

"చాలా."

ఆవిడ వెళ్ళాక ఒలిచిన తొక్కలు ఏరుతూ చాలాసేపు నేల మీదే కూర్చున్నాను.

ఆ ఆదివారం మీ నాన్న ఇంట్లో ఉన్నాడు. చెప్దామనే మొదలుపెట్టాను. "ఒరే, ఆ ప్రోగ్రాంలో ఒకాయన..." అన్నాను.

"అమ్మా, అదంతా డ్రామానే. పదిమంది ఆర్నెల్లు వెతికి పెడితే, హీరో వచ్చి పేజీ తిప్పి ఏడుస్తాడు. నువ్వు కూడా నమ్ముతున్నావా?" అన్నాడు, పేపర్ పక్కకి తీయకుండానే.

"ఊరికే అన్నాన్లే" అన్నాను. వాడి తప్పేం లేదు. వాడికేం తెలుసు?

నా కోసం వెతికి పెట్టే పదిమంది లేరు. అందుకని నేనే ఉత్తరం రాశాను, ఆ ఊరి చర్చి పాస్టర్‌గారికి. ఆయన మొహం నేనెరగను. అయ్యగారూ, ఫలానా ఏడు బోర్డింగ్‌లో చేరిన పిల్లని, నా బాప్తిస్మం వివరం మీ పుస్తకంలో ఉంటుంది, తల్లి పేరు చూసి తెలపగలరు అని. నాలుగుసార్లు రాసి చింపాను. అప్పుడే నువ్వు నా పక్కన కూర్చుని తెలుగు నేర్చుకుంటూ అ ఆలు దిద్దుతున్నావు. "నానమ్మా, ఆప్ భీ గల్తీ కర్తీ హో?" అని అడిగావు, నువ్వు కూడా తప్పులు రాస్తావా అని.

నాలుగు గురువారాలు గడిచాయి. ప్రోగ్రాం చూస్తూనే ఉన్నాను గానీ మనసు కింద మెట్ల దగ్గరి పోస్టు డబ్బా మీదే. ఎవరైనా పుస్తకం తెరిచి వేలు పెడుతుంటే లేచి వంటింట్లోకి పోయేదాన్ని. దీదీ మాత్రం "వీడిది ముక్కు చూడు, వీడి తాతది చూడు, పుస్తకం ఎందుకు, ముక్కు చాలదూ?" అంటూ ఉండేది.

ఐదో వారం ఉత్తరం వచ్చింది. మెట్ల మీదే కవరు చించాను. పాస్టర్‌గారు మంచివాడు, ఓపిగ్గా వరసంతా దించి రాశాడు. పిల్ల పేరు. వయసు సుమారు మూడేళ్ళు. తండ్రి పేరు, పక్కన కూలీ అని. ఆ తర్వాత, "తల్లి పేరు అన్న గడిలో 'చనిపోయినది' అని రాసి ఉందమ్మా. అంతకు మించి లేదు. దేవుడు మిమ్మును ఆదరించును గాక."

హాస్పిటల్లో నేనెన్ని ఫారాలు నింపానో. పేరు రాసే చోట పేరే రాశాను. పోయినవాళ్ళకి కూడా. పేరు చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోతే మంచం నంబరు రాసి, మళ్ళీ మళ్ళీ వెళ్ళి వాకబు చేసేదాన్ని. ఆ రోజు ఆ పుస్తకం ముందు కూర్చున్నాయన మా నాన్నని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు కదా.

ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ వచ్చిన గురువారం దీదీ సోఫాలో కూర్చుంటూనే అడిగింది. "ఆ రోజు మెట్ల మీద ఏదో చదువుకుంటున్నావు. మీ ఊరి నుంచా?"

"అవును దీదీ. చర్చి నుంచి. మా అమ్మ వివరాలు."

"పేరేంటి మీ అమ్మది? ఇన్నేళ్ళయింది, ఎప్పుడూ చెప్పనే లేదు."

టీవీలో ఎవరో మెట్లు దిగుతున్నారు. నా నోట్లోంచి ఆయమ్మ పేరు వచ్చేసింది. అనుకుని చెప్పలేదు. ఆ పేరు అక్కడే కాచుకుని ఉన్నట్టు వచ్చింది.

దీదీ రెండుసార్లు పలికి చూసింది. ఆవిడ నోట్లో తెలుగు పేరు తిరగలేదు. అయినా పట్టుబట్టి మూడోసారి సరిగ్గా పలికింది. "మంచి పేరు" అంది. "అన్నం దిగే పేరు."

హోలీ అయ్యాక దీదీ అన్నగారు పోయారు. అస్థికలు కలపడానికి కూతురితో హరిద్వార్ వెళ్ళింది. ఆ రెండు గురువారాలూ టీవీ పెట్టలేదు. తిరిగొచ్చిన రోజు సంచీ కింద పెట్టకుండానే మా తలుపు బాదింది. చేతిలో తెల్ల ప్లాస్టిక్ డబ్బా, గంగ నీళ్ళు.

"నీ పని కూడా చేసుకొచ్చాను" అంది.

"నా పనా?"

"మీ అమ్మ పేరున కూడా నీళ్ళు వదిలించాను. పండా గోత్రం అడిగాడు. మీకు గోత్రం ఉంటుందో లేదో నాకేం తెలుసు? నాదే చెప్పేశాను. ఇక నువ్వు మా వంశం, తప్పించుకోలేవు."

ఆవిడ చేతిలో డబ్బా అందుకున్నాను.

"ఇంకా సునో. బహీలో మా పేజీ కింద ఒక వరస రాయించాను. ఢిల్లీలో చెల్లెలి తల్లి, అని రాసి ఆ పేరు. పండా సణిగాడు, ఇదేం పద్ధతి అని. చెల్లెలంటే చెల్లెలే, రాయి, అన్నాను. మీ చర్చి పుస్తకం ఎప్పుడైనా తడిసిపోతే? ఇక్కడ కూడా ఉంటుంది."

అప్పుడు చెప్పాల్సింది. దీదీ, అది మా అమ్మ పేరు కాదు అని. ఆవిడ ప్రయాణం బడలికతో, తలుపు పట్టుకుని, నేను సంతోషిస్తానని నిలబడి ఉంది. "టీ పెడతాను, కూర్చోండి" అన్నాను.

డబ్బా అల్మారా పైన బైబిలు వెనక పెట్టాను. "ఏంటమ్మా ఇది?" అని మీ నాన్న అడిగితే, "నీళ్ళు" అన్నాను.

ఆ మరుసటి ఏడు దీదీని కూతురు గుర్గావ్ తీసుకెళ్ళిపోయింది. ఆ ప్రోగ్రాం కూడా ఎప్పుడో ఆగిపోయింది. ఎదురింట్లోకి ఎవరో ఉద్యోగాల పిల్లలు వచ్చారు, పొద్దున తాళం, రాత్రి తాళం. కానీ ఏడాదికోసారి, అన్నగారి తిథికి ముందు, దీదీ ఫోన్ చేసేది. "హరిద్వార్‌కి మా వాళ్ళు వెళ్తున్నారు. మీ అమ్మ పేరు కూడా చెప్పించమంటావా?" అని అడిగి, మర్చిపోలేదని చూపించడానికి ఆ పేరు పలికేది. "చెప్పించండి దీదీ" అనేదాన్ని. ప్రతిసారీ అబద్ధమే. అయినా ఆ ఫోన్ కోసం చూసేదాన్ని. ఆయమ్మ పేరు ఈ ఢిల్లీలో ఇంకెవరి నోట వింటాను?

ఈసారి ఫోన్ రాలేదు. మొన్న నేనే చేశాను. కూతురు ఎత్తింది. అమ్మకి ఇప్పుడు మనుషులు గుర్తుండటం లేదు ఆంటీ, నన్నే ఎవరని అడుగుతోంది, అంది. ఒక్కసారి ఫోన్ ఇవ్వమన్నాను. "దీదీ, నేను, సిస్టర్‌జీని" అన్నాను. అటు నుంచి ఊపిరి మాత్రం వినపడింది. మా అమ్మ పేరు చెప్పనా అని ఆయమ్మ పేరే చెప్పాను. ఆవిడ "మంచి పేరు, ఎవరిది?" అంది.

ఏంటే, ఆపేశావ్? కళ్ళు తుడుచుకుని రాయి. హరిద్వార్ వెళ్ళి సరిచేయించుకొస్తావా? ఏమని సరిచేయిస్తావే పిచ్చిపిల్లా? ఆ పేరు కొట్టేయించి, అక్కడ కూడా 'చనిపోయినది' అని రాయిస్తావా?

వద్దు. ఆ వరస అలాగే ఉండనీ.