గాలిలో దుంగ, కింద టీ

కరోనా మాస్కులు ముక్కుల మీద నుంచి గడ్డాల కిందికి దిగిన ఏడాది, ఎండాకాలం చివర్లో, మా ఫైనాన్స్ కంపెనీ నన్ను వైట్‌ఫీల్డ్ బ్రాంచికి సీనియర్ వాల్యుయర్‌గా వేసింది. పాత బండి కొనేవాళ్ళకు అప్పు ఇచ్చే ముందు ఆ బండిని చూసి, తట్టి, వాసన పట్టి, అది బతికుందో లేదో రాసిచ్చే ఉద్యోగం. హోదాలో నా పైన రీజినల్ మేనేజరు, నా కింద ఒక కాలు పొట్టిదైన స్టూలు. అప్పటికి నేను చూసిన లారీలను వరసగా నిలబెడితే మొదటిది పక్కనున్న హూడిలో ఉంటే చివరిది చంద్రుడి మీద ఉండేది. స్వచ్ఛంద విరమణ కోరుతూ రాసుకున్న కాగితం జేబులోనే ఉండేది. ఇవ్వడానికి కూడా ఓపిక లేక దాన్ని మోసుకు తిరిగేవాణ్ణి.

అక్కడ నా ముందుకొచ్చిన మొదటి పెద్ద కేసు ఒక పాత లాగ్ లోడరు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. లారీ ఛాసిస్ మీద, క్యాబిన్ వెనక ఒక ఇనుప చెయ్యి బిగించి ఉంటుంది. దాని చివర పంజా. పైన కుర్చీలో కూర్చున్న ఆపరేటరు లీవర్లు కదిపితే ఆ పంజా నేల మీది దుంగను పట్టి లారీలోకి ఎత్తుతుంది. బలమంతా నూనె ఒత్తిడిది. ఆ నూనె పక్కకు జారకుండా పట్టి ఉంచేవి సిలిండర్ల లోపలి సీళ్ళు. సీలు అరిగితే ఎత్తిన చెయ్యి మెల్లగా కిందికి వాలుతుంది.

కొనేది సరోజక్క. హూడిలో టింబర్ డిపో నడిపేది. ఆవిడ దగ్గర దుంగలెత్తిన హమాలీలు ఒక్కొక్కరే వెళ్ళి అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర సెక్యూరిటీ యూనిఫారాల్లో కూర్చున్నారు. మిగిలింది తమ్ముడు నారాయణప్ప ఒక్కడే. దుంగ గాలిలో ఉన్నప్పుడు కింద నిలబడి, కొక్కెం కర్రతో దాని కొసను తిప్పి దారి చూపించడం అతని పని. అంతకుముందు ఏడాది అద్దెకు తెచ్చిన క్రేను దుంగను జారవిడిస్తే అతని పాదం నలిగింది. ఈ లోడరు కొన్నా దాని కింద నిలబడబోయేది అతనే.

అమ్మేది గంగిరెడ్డి. హొసకోటె దారిలో పాత యంత్రాల యార్డు అతనిది. హూడి నుంచి అక్కడికి మేం ముగ్గురం ఆటోలో బయల్దేరాం. సిగ్నళ్ళ దగ్గర పట్టిన సమయంలో ఒక సామ్రాజ్యం పుట్టి, పెరిగి, కూలిపోవచ్చు. దిగేసరికి నా నడుము ఆటోలోనే ఉండిపోయింది.

లోడరుకు వేసిన పసుపు రంగు ఎంత పచ్చిగా ఉందంటే, దాని మీద వాలిన ఈగ రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోవాలి. నేను పద్ధతి ప్రకారం మొదలుపెట్టాను. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీశాను. లారీకి లోడరు బిగించిన మార్పు ఆర్.సి.లో ఎక్కిందని సరిచూశాను. పైపుల జాయింట్లు తడిమాను. ఇనుప చేతి మొదట్లో వెల్డింగు అతుకుల కోసం బోర్లా పడుకుని వెతికాను. ఏ లోపమూ దొరకలేదు. మిగిలింది ఒక్కటే: దుంగను ఎత్తి గాలిలో ఆపి, అది దిగుతుందో లేదో చూడటం.

పైన కుర్చీలో ఆపరేటరు మునిరాజు. నల్ల కళ్ళద్దాలు, దువ్విన మీసం, సింహాసనం మీద కూర్చున్న వాలకం. "దుంగ ఎందుకు సార్, కోడిగుడ్డు పెట్టండి. పగలకుండా ఎత్తి మీ జేబులో పెడతా," అన్నాడు.

దుంగ లేచింది. గాలిలో ఫొటోకి నిలబడ్డట్టు నిలబడింది. గంగిరెడ్డి, "చూడండప్పా, గోడకు మేకు కొట్టినట్ల ఉండాది!" అని ఊరంతటికీ వినిపించేలా అన్నాడు. రీజినల్ మేనేజరు ఫోన్ చేసి, నెలాఖరు దగ్గర పడిందని గుర్తుచేశారు. నేను పెన్ను మూత తీశాను. అప్పుడు చూశాను. మునిరాజు తల తిప్పి సరోజక్కతో కబుర్లు చెబుతున్నాడు గానీ, అతని కుడిచెయ్యి మాత్రం ఒడిలోని పిల్లిని నిమురుతున్నట్టు లీవరును కొద్దికొద్దిగా కదుపుతూనే ఉంది.

దిగి వచ్చి టీ తాగమన్నాను.

"ఇక్కడికే పంపించండి సార్."

"వానికి టీ పడదు సార్, ఎసిడిటీ ఉండాది," అని గంగిరెడ్డి అడ్డం వచ్చాడు.

అయితే మజ్జిగ తాగమన్నాను. ఇంజను ఆపకుండా దిగమని, అందరినీ దూరం జరగమని చెప్పాను. నా గ్లాసు సగమైనా కాకముందే దుంగ కిందికి రావడం మొదలైంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆఫీసులో నా తల ఎలా వాలేదో అలాగే, మర్యాదగా, ఏ చప్పుడూ లేకుండా వాలింది. నేలకు తాకి ఇంత దుమ్ము లేపింది.

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది మునిరాజే. "దేవునాణె, నేనేమీ చెయ్యలేదప్పా! చానా ఏండ్లుగా దీని మీదనే ఉండాను. చెయ్యి దానంతటది ఆడతా ఉండాదేమో!"

నేను నమ్మాను. మోసం చేసేవాడు అంత తెల్లబోడు. సీళ్ళు కొంచెం కొంచెం అరిగినకొద్దీ దుంగ వాలకుండా అతని చెయ్యి కొంచెం కొంచెం పైకి సర్దుకుంటూ వచ్చింది.

సరోజక్క మాత్రం తగ్గలేదు. "అయితే బండితో పాటు మునిరాజును కూడా తీసుకుంటా సార్. మీరు రాసిచ్చేయండి. ఇంకో నెల ఇట్లనే పోతే డిపోకి బీగమే." బీగమంటే కన్నడంలో తాళం.

మునిరాజు కుర్చీలో ఉన్నంతవరకు బండి బాగుంది అని రాయడానికి మా ఫారంలో గడి లేదని చెప్పాను. ఆవిడ నన్ను చూసిన చూపుకు పచ్చి టేకు కూడా ఎండిపోయేది. కాదు అని చెప్పడమే నా జీతం. ఆ మాటతో నాకే విసుగు పుట్టి చాలా కాలమైంది.

నారాయణప్ప అప్పుడు ముందుకొచ్చాడు. "మునిరాజన్నా, ఒక మాట. నీకు తుమ్మొస్తే ఏ చేత్తో ముక్కు మూసుకుంటావు?"

మునిరాజు ఆలోచించకుండా కుడిచెయ్యి ఎత్తి ముక్కు మీద పెట్టుకున్నాడు. లీవరు పట్టే చెయ్యి అదే.

సరోజక్క ఆ చేతిని చూసింది, తమ్ముడి పాదాన్ని చూసింది. "సీళ్ళు మార్చినాక పిలువు రెడ్డప్పా," అని ఆటో వైపు నడిచింది.

సీళ్ళు మార్చేవరకు అప్పు సిఫారసు చేయను అని రాశాను. రీజినల్ మేనేజరు ఫోన్లో ఇచ్చిన ఉపన్యాసానికి నా చెవి ఆరేసిన వడియంలా ముడుచుకుపోయింది. గంగిరెడ్డి కొన్నాళ్ళు అలిగాడు, వేరే బేరం తగలక చివరికి మార్పించాడు. మళ్ళీ వెళ్ళాం. మునిరాజుతో దుంగను ఎత్తించి, అతన్ని దించి, దాన్నే చూస్తూ టీ తాగాం, బోండాలు తిన్నాం, మళ్ళీ టీ తాగాం. దుంగ కదల్లేదు. సంతకం పెట్టాను.

తర్వాత మునిరాజు గర్వంగా మళ్ళీ కుర్చీ ఎక్కి దుంగను ఇంకాస్త ఎత్తి ఆపాడు. అది ఆగలేదు. నెమ్మదిగా, ఎవరూ పిలవకుండా, పైకి పోవడం మొదలుపెట్టింది. సీళ్ళు కొత్తవి, చెయ్యి పాతది.

సరోజక్క బండినీ కొన్నది, మునిరాజునూ పనిలో పెట్టుకుంది. కానీ అతని చెయ్యి కుదురుకునేదాకా డిపో వెనక ఖాళీ పంజాతోనే సాధన చేయించింది. అంతవరకు నారాయణప్ప దాని దరిదాపులకు పోలేదు.

అప్పటి నుంచి విరమణ దాకా ఏ పాత యంత్రాన్ని చూసినా, మొదట దాని మీది మనిషిని దించి పరీక్షించాను. యంత్రం బాగుందని తేలాక అతన్నే మళ్ళీ ఎక్కించి ఇంకోసారి చూశాను. దీనివల్ల ప్రతి కేసుకూ రెట్టింపు సమయం పట్టేది, రెండో పరీక్షకు కంపెనీ భత్యం ఇచ్చేది కాదు. అయినా ఒక పరీక్షతో సరిపెట్టడానికి వీలులేదు. అరుగుదల యంత్రంలో ఒకటి ఉంటే, దాన్ని నడిపేవాడిలో దానికి జతగా ఇంకొకటి ఉంటుంది. మొదటిదాన్ని బాగుచేసిన రోజే రెండోది ప్రమాదంగా మారుతుంది.