ఊల్ఫార్ అడిగిన పేరు

గ్రోవక్క నోట్లో నువ్వుగింజ నానదు. అది తెలిసి కూడా బర్గూర్ ఆవిడకి ముందే మాటిచ్చాడు చూడండి, ముందు ఆయన్ననాలి.

మా రేవులో చేపల ఫ్యాక్టరీ మూతపడ్డాక, చేపలు కోసే ఆడవాళ్ళం కొందరం, నేనూ గ్రోవక్కా కూడా, అదే షెడ్డులో బురద ఏరే పనిలో కుదిరాం. పరిశోధన ఓడ ఐస్‌లాండ్‌కి ఉత్తరాన, ఎండ పొడ ఎరగని లోతుల్లోంచి ఆ బురద తోడుకొస్తుంది. దానికి గులాబిరంగు పట్టించి, పళ్ళేల్లో పోసి మా ముందు పెడతారు. మైక్రోస్కోపు కింద పట్టకారుతో అందులోని ప్రాణుల్ని ఏరి మేం సీసాల్లో వేస్తాం. ఎక్కువగా రొయ్యకి దూరపు చుట్టాలే, బియ్యపు నూకంత ఉంటాయి. అవేమిటో తేల్చేది బర్గూర్. చదువుకున్నవాడు, మంచివాడే, కానీ నిదానం. ఆయన చేతిలో కాఫీ చల్లారిపోవాల్సిందే.

గ్రోవక్క తమ్ముడు ఊల్ఫార్ ఆ ఉత్తరపు నీళ్ళలోనే పడవతో సహా మునిగిపోయాడు. శవం దొరకలేదు. అప్పటికి పెళ్ళి కూడా కాలేదు. తర్వాత వాళ్ళమ్మ కలలోకి వచ్చి, తడిబట్టలతో గుమ్మంలో నిలబడేవాడట. పోయినవాళ్ళు అలా వస్తున్నారంటే పుట్టబోయే బిడ్డకి తమ పేరు పెట్టమని అడుగుతున్నట్టే. అడిగితే కాదనకూడదు. కానీ ఆ ఇంట్లో పుట్టేదెవరు? గ్రోవక్కకి పిల్లల్లేరు, కనే వయసూ దాటిపోయింది. వాళ్ళమ్మని మేమంతా పెద్దమ్మ అంటాం. ఆవిడ మాత్రం పొద్దున్నే కూతుర్ని పట్టుకుని, "మళ్ళీ వచ్చాడే. ఏం చెప్పమంటావు వాడికి?" అనేది.

ఒకరోజు గ్రోవక్క పళ్ళెంలో కొత్తది ఒకటి తేలింది. పొడుగు కాళ్ళు, కళ్ళే లేవు, పొట్టకింద సంచినిండా గుడ్లు. బర్గూర్ నెలల తరబడి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, బొమ్మలు గీసి, చివరికి ఇది ఎవరూ ఎరగని జాతేనన్నాడు. గ్రోవక్క ఆయన చెయ్యి పట్టుకుని దానికి తమ్ముడి పేరు పెట్టమని అడిగింది. ఆవిడ ఒకర్ని ఏదైనా అడగడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆయన సరేనన్నాడు. దాని మీద తను రాసే వ్యాసం అచ్చయ్యేదాకా ఆ పేరు ఎవరికీ చెప్పొద్దన్నాడు.

బిడ్డ నెత్తిన చర్చిలో నీళ్ళు పడేదాకా పేరు బయటపెట్టకూడదని మా ఊళ్ళో అందరికీ తెలిసిందే. తెలిసీ, ఆ సాయంత్రమే తల్లి చెవిన వేసింది మహాతల్లి. నేను బాగా తిట్టాను. "అమ్మకి తొంభై దాటాయే, ఎన్నాళ్ళు ఆగమంటావు?" అంది.

ఆ రోజు నుంచి ఊల్ఫార్ కలలోకి రావడం మానేశాడు. వాడికి కావలసింది అందిందని గ్రోవక్క సంబరపడింది.

బర్గూర్ ఇంకా వ్యాసం దిద్దుకుంటూనే ఉన్నాడు. ఈలోపు నార్వేలో ఎవరో అదే ప్రాణిని వేరే పేరుతో అచ్చువేశారు. ఎవరిది ముందు అచ్చయితే ఆ పేరే ఖాయం, ఇక ఎవరూ మార్చలేరు. నాకు ఒళ్ళు మండి ఆయన్ని కడిగేశాను. తలెత్తలేదు. తన చేతుల్లో ఏమీ లేదన్నాడు. ఎవరి చేతుల్లో ఉంది గనక.

తల్లికి చెప్పలేక, చెప్పకుండా ఉండలేక గ్రోవక్క చిక్కి సగమైంది. ఆఖరికి నన్ను తోడు రమ్మంది. మేం వెళ్ళేసరికి పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని ఎండుచేపకి వెన్న రాసుకుంటోంది.

"అమ్మా, వాడి పేరు పెట్టలేదే. వేరేవాళ్ళు ముందే ఇంకేదో పెట్టేశారు," అని గ్రోవక్క ఏడ్చేసింది.

పెద్దమ్మ కుప్పకూలుతుందని నేను దగ్గరికి జరిగాను. ఆవిడ చేపముక్క పళ్ళెంలో పెట్టింది. మొహం విప్పారింది.

"అయితే మళ్ళీ వస్తాడుగా?" అంది. "పేరు దొరికింది, ఇక అమ్మతో పనేముందని వెళ్ళిపోయాడనుకున్నాను. నువ్వు అంత సంతోషంగా ఉంటే చెప్పబుద్ధి కాలేదే."

అని, మిట్టమధ్యాహ్నం పక్క వెయ్యమంది.

ఊల్ఫార్ రాలేదు. ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. పెద్దమ్మ ఇప్పుడు అన్నం తిన్నదే తడవు పడుకుంటుంది. లేవగానే కూతురివైపు చూసి తల అడ్డంగా ఊపుతుంది. గ్రోవక్క తల్లికి జడవేసి, పనికొచ్చి, నా పక్కన పళ్ళెం ముందు కూర్చుంటుంది. పలకరిస్తే పలకదు.