తప్పు చెబితేనే ముద్ద

కృపామణికి చిన్నప్పటి నుంచీ తప్పు చెప్పడం చేతకాదు. తెనాలి దగ్గర పల్లెలో తండ్రి బడిపంతులు. ఎక్కం తప్పితే మళ్లీ ఒకటి నుంచి చెప్పించేవాడు. అలాంటి మనిషి యాభై దాటాక ఇంగ్లండు వెళ్లి, నార్తాంప్టన్‌లోని ఒక కేర్ హోమ్‌లో ముసలివాళ్లకు తిండి పెట్టే పనిలో చేరి, రోజూ మధ్యాహ్నం పనిగట్టుకుని తప్పులు చెప్పి జీతం పుచ్చుకుంది.

ఆ తప్పులు వినే ఆవిడ మిస్ థార్న్. బతుకంతా ఆడపిల్లల బడిలో ప్రాచీన గ్రీకు చెప్పి, పెళ్లి జంజాటం పెట్టుకోకుండా తొంభై దాటించింది. ఇప్పుడు మతిమరుపు ముదిరింది. ఏ ఊళ్లో ఉన్నదీ తెలియదు. తిండి కూడా మానేసింది. చెంచా దగ్గరికొస్తే పెదాలు బిగించేస్తుంది. బరువు ఇలాగే తగ్గితే ఆసుపత్రికి పంపాలని డాక్టరు చెప్పి వెళ్లాడు. అలా అంబులెన్సు ఎక్కిన ముసలివాళ్లు తిరిగి తమ కుర్చీలో కూర్చోవడం కృపామణి అరుదుగా చూసింది. ఈవిణ్ణి పంపడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు.

మిస్ థార్న్ మాట్లాడితే మాత్రం ఒకటే పాట: “హోస్, హే, హో.” చెప్పి, ఎదుటివాళ్ల వంక చూస్తుంది. సిబ్బంది అది నవ్వనుకున్నారు, తర్వాత నొప్పనుకుని మాత్ర ఇచ్చారు.

ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక, బిర్యానీ ప్లేటు చేతిలో ఉన్న సుందర్‌రాజ్ పాస్టరుగారిని కృపామణి ఆ మూడు మాటలేమిటని అడిగింది. ఆయన సెమినరీలో బైబిలు కోసం గ్రీకు చదివాడు.

“‘ఎవరైతే’, ‘ఏదైతే’ అంటాం కదమ్మా, అదే. మగవాడికి హోస్, ఆడమనిషికి హే, వస్తువుకి హో. లింగం, వచనం ముందున్న పేరుని బట్టి వస్తాయి. విభక్తి మాత్రం తన వాక్యంలో చేసే పనిని బట్టి మారుద్ది.”

“అంటే పోలిక పుట్టింటిది, చాకిరీ అత్తింటిది. అంతేనాండీ?”

“అంతే అనుకోమ్మా,” అని ఆయన నవ్వి, ఆ రూపాలన్నీ ఫోన్‌లో చదివి రికార్డు చేసి ఇచ్చాడు.

వాటిని కృపామణి బస్సులో ఎక్కాల్లా వల్లెవేసింది. అప్పజెబితే మిస్ థార్న్ హుందాగా తలూపింది. పెదాలు మాత్రం విప్పలేదు. ఒప్పు చెప్పినవాళ్లతో టీచర్లకు పనేముంటుంది?

ఒక రోజు కృపామణికి నాలుక తడబడింది. “హోన్, హేన్, హోన్,” అంది.

“తప్పు. చివరిది హో,” అంది మిస్ థార్న్. ఎదుట ఉన్నది తన బడిపిల్లే అన్నట్టు, తిరిగి చెప్పేదాకా ఆవిడ నోరు కాస్త తెరిచే ఉంచింది. మాట నోట్లో ఉండగా చెంచా పెట్టకూడదు, పొరబోతుంది. మాట పూర్తయిందని చూసుకుని కృపామణి కస్టర్డ్ లోపలికి పంపింది. ఆవిడ మింగింది.

మర్నాడు కృపామణి కావాలనే అదే తప్పు చెప్పింది, మళ్లీ ముద్ద దిగింది. తెలుగమ్మాయి, నర్సు రాచెల్ గుమ్మంలో నిలబడి వింది. “అదేంటాంటీ, వచ్చిన పాఠం తప్పు చెబుతున్నారు?”

“ఒప్పు చెబితే తలూపి ఊరుకుంటది. తప్పు చెబితేనే తింటది.”

ఆ చలికాలమంతా కృపామణి ఎక్కడెక్కడి తప్పులో పోగుచేసింది. ప్రతి తప్పుకీ పంటికింద రాయి పడ్డట్టు ఒళ్లు జలదరించేది, అయినా చెప్పేది. ఒక్కోసారి గురి తప్పేది. ఒక రోజు ఎంతో శ్రమపడి విభక్తి తప్పు పెడితే, ఈ మాట ముందున్న పేరు విభక్తిలోకి జారిపోవడం గ్రీకులో చెల్లుతుందని మిస్ థార్న్ మెచ్చుకుని నోరు మూసుకుంది. ఆ పూట సూప్ చల్లారిపోయింది.

బరువు పెరిగింది. డాక్టరు ఆసుపత్రి మాట ఎత్తలేదు.

మార్చిలో ఒక మధ్యాహ్నం కృపామణి ఫిష్ పై ప్లేటు ముందు పెట్టుకుని, “హోన్, హేన్, హోన్,” అంది.

మిస్ థార్న్ ఆమె వంక చూసింది. “చాలా బాగుంది,” అంది, పెదాలు మూసుకుంది.

కృపామణి ఇంకా పెద్ద తప్పు చెప్పింది, మగవాడి రూపం తెచ్చి ఆడమనిషికి అంటగట్టింది. తొలిరోజు పిల్ల కూడా చెప్పని తప్పు.

“సరిగ్గా చెప్పావు,” అంది మిస్ థార్న్ ప్రేమగా.

కృపామణి చెంచా కింద పెట్టేసింది. సొంతవాళ్లు పోయినట్టు దుఃఖం వచ్చింది. ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“లేదు మేడమ్, తప్పు చెప్పాను,” అంది. “నన్ను దిద్దండి.”