డబ్బాలక్క ఖాళీ డబ్బాలు

ఆవిడకి నోరెక్కువని ఆఫీసంతా అనేది. ఉంటే ఉంది, పనీ ఉంది కదా! వెబ్ పేజీలు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో, మెట్ల పక్క గదిలో, తెరుచుకోని కిటికీ కింద ఆవిడ బల్ల. పేజీలో బొమ్మ ఒకచోట, మాట ఒకచోట పడి చిందరవందర అయిందంటే ఎంతటివాడైనా ఆ బల్ల దగ్గరికి రావాల్సిందే. ముందర ‘అక్కా’ అనేవాళ్లు, వెనకాల డబ్బాలక్క అనేవాళ్లు.

ఆ పేరు ఊరికే రాలేదు. పాత పద్ధతిలో బొమ్మని ఒక పక్కకి నెట్టి దాని పక్కన మాటలు పారించాలంటే బొమ్మకి ‘ఫ్లోట్’ అని రాస్తారు. అలా రాయగానే ఒక తంటా మొదలవుతుంది. బొమ్మ కంటికి కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని పెట్టుకున్న బయటి పెట్టె మాత్రం తనలో ఎవరూ లేరనుకుని ముడుచుకుపోతుంది. అది ముడుచుకోగానే కింద ఉండాల్సినవన్నీ పైకి ఎగబాకి బొమ్మల్లోకి దూరతాయి. దానికి డబ్బాలక్క మందు ఒకటే. బొమ్మల తర్వాత, పెట్టె అడుగున, ఏమీ లేని ఒక ఖాళీ డబ్బా పెట్టేది. రెండు పక్కలా ఖాళీ అయ్యాకే కూర్చోమని దానికొక మాట రాసేది. ఆ డబ్బా బొమ్మల కిందికి దిగేది, దాన్ని పట్టుకుని బయటి పెట్టె కూడా సాగేది. ఆ తర్వాత పేజీ అంతా బుద్ధిగా ఉండేది.

ఇక్కడే ఆవిడ దుర్గుణం ఒకటి చెప్పాలి. ఆ డబ్బా ఎందుకుందో పక్కన ఒక్క ముక్క రాసేది కాదు. తర్వాత వచ్చేవాళ్లకి తెలియాలని అందరూ రాసుకుంటారు, ఆవిడ రాయదు. "రాసేస్తే ఇంక నన్నెవరు అడుగుతారు?" అనేది నవ్వుతూ. నవ్వుతూ అన్నా నిజమే అనేది. ఎవరైనా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని "అక్కా, ఇదెందుకూ?" అంటే ఆవిడ మొహం వెలిగిపోయేది. ముందు నాలుగు చీవాట్లు పెట్టి, ఆనక ఓపిగ్గా చెప్పేది. పెళ్లీ పెటాకులూ లేకుండా ఆ గదిలోనే వయసంతా కరిగిపోయిన మనిషికి ఆ మాత్రం గొప్ప ఉండకూడదా?

ఎప్పుడూ వచ్చి అడగనివాడు ఒక్కడే, ఆవిడ సొంత తమ్ముడు. ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవక ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నవాణ్ణి భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి ఈ పని నేర్పింది ఆవిడే. యజమానిని కాళ్లావేళ్లా పడి బతిమాలి చేర్పించిందీ ఆవిడే. వాడు మాటకారి. ఇట్టే పైకెక్కి ఆవిడకే పై అధికారి అయి కూర్చున్నాడు. ఆఫీసులో ‘మేడం’ అని పిలిచేవాడు. అక్కా అంటే నోరు అరిగిపోతుంది మరి! నలుగురి ముందు ఆ బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చోవడానికి వాడికి నామోషీ. "గౌరవంగానే పిలుస్తున్నాడులే" అని తల్లితో అనేది గానీ, ఆవిడకి కడుపు మండిపోయేది.

సోఫాలూ మంచాలూ అమ్మే దుకాణాలవాళ్ల సైటు ఆ కంపెనీకి అన్నం పెట్టేది. వాళ్ల తగ్గింపు ధరల అమ్మకానికి ముందు, పేజీలో చెత్తంతా ఏరేసి తేలిక చేస్తానని తమ్ముడు యజమానికి మాటిచ్చాడు. కోడ్ తెరిచి చూస్తే అడుగడుగునా ఖాళీ డబ్బాలు. లోపల ఏమీ లేదు, ఎందుకున్నాయో రాసి లేదు. లేచి పక్క గదిలోకి వెళ్లి అడిగితే సరిపోయేది. వాడు అడగలేదు. పాత కాపీ కూడా ఉంచుకోకుండా అన్నీ పీకి పారేశాడు. తన కంప్యూటరు దాచుకున్న పాత పేజీనే మళ్లీ చూసి, బాగానే ఉందనుకుని చేతులు దులుపుకున్నాడు.

మర్నాడు పొద్దున అమ్మకం తెరిచేసరికి పుట్టి మునిగింది. సోఫాల బొమ్మలు పేజీ నిండా అడ్డదిడ్డంగా పరుచుకున్నాయి, ‘కొనండి’ అనే బటన్ వాటి వెనక్కి దూరిపోయింది. ఎంత నొక్కినా సోఫాయే తప్ప బటన్ అందదు. దుకాణాలవాళ్లు ఫోన్లో యజమానిని ఉతికి ఆరేశారు. ఆయన అందరినీ అద్దాల గదిలోకి పిలిచి ఒంటికాలి మీద లేచాడు.

"ఎవరయ్యా చేసింది? ఎవరి కోడ్ ఇది?"

"పాతది సార్," అన్నాడు తమ్ముడు, బల్ల మీది నీళ్ల సీసా వైపు చూస్తూ. "మేడం రాసింది. ఏది ఎందుకుందో ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు."

అందులో ఒక్క అబద్ధం ఉందా? లేదు. అదే వాడి తెలివి! పేజీ చూడగానే డబ్బాలు పీకింది వాడేనని ఆవిడకి తెలిసిపోయింది. వాడి మొహంలోకే చూస్తూ కూర్చుంది. ‘తీసేసింది నేనే’ అని ఒక్క మాట అంటాడని ఎదురుచూసింది. వాడే అంటే యజమాని రెండు తిట్టి ఊరుకుంటాడు. తను అంటే అక్కా తమ్ముళ్లు నలుగురి ముందు కొట్టుకు చావాలి, వాడి ఉద్యోగం పోవాలి. నోరెక్కువని పేరు పడ్డ మనిషి ఆ పూట నోరెత్తలేదు. వాడు సీసా మూత తిప్పుతూనే ఉన్నాడు.

"రోజులు మారాయమ్మా," అన్నాడు యజమాని. "మీ పాత పద్ధతులు నా పీకల మీదకొచ్చాయి. రేపట్నుంచి మీరు రావద్దు."

"నేను బాగుచేస్తాను సార్," అన్నాడు తమ్ముడు వెంటనే.

ఆవిడ కుర్చీ మీది దిండు, టీ కప్పు, కళ్లజోడు పెట్టె సంచిలో వేసుకుని ఇంటికొచ్చేసింది. తలనొప్పిగా ఉందని తల్లితో చెప్పి, వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ సింకులో వేసి తోమడం మొదలుపెట్టింది. సాయంత్రం ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని మోచేత్తో స్పీకర్ నొక్కింది.

"అక్కా!" గొంతు బాగా తగ్గించి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీంచి మాట్లాడుతున్నాడు. "పేజీ ఇంకా అలాగే తగలడింది. నేను తీసేసిన డబ్బాలు ఎక్కడెక్కడ ఉండేవో తెలియట్లేదు. నా ప్రాణం తోడేస్తున్నారు, చెప్పవా?"

"నువ్వే తీశావని పొద్దున గుర్తులేదట్రా?"

"అప్పుడు నోరు పెగల్లేదక్కా. ఒట్టు."

ఫోన్ పెట్టేయాలనే అనుకుంది. కానీ అడిగాడు. ఇన్నేళ్లకి వాడు అడిగాడు.

"డబ్బాలు అక్కర్లేదు, వదిలేయ్," అంది. "బయటి పెట్టెకే ఒక్క వరస చేర్చు. డిస్‌ప్లే, ఫ్లో-రూట్. లోపలి ఫ్లోట్లని అదే పట్టుకుంటుంది."

కొత్త పద్ధతి తెలియని మనిషి కాదు ఆవిడ. అంత సులువుగా చేసేస్తే ఎవరూ వచ్చి కుర్చీ లాక్కోరని చేసేది కాదు. అవతల టకటకమని చప్పుడు, ఆ తర్వాత పెద్ద నిట్టూర్పు.

"దిగాయక్కా! అన్నీ దిగాయి. బతికించావు." మళ్లీ తనే అన్నాడు. "నీ ఉద్యోగం సంగతీ, నేను తీసేసిన సంగతీ అమ్మకి చెప్పకు. బాధపడుతుంది."

ఆవిడ వెనక్కి తిరిగింది. ఉతికిన బట్టలు చేతుల మీద వేసుకుని తల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. అంతా విన్నదని మొహమే చెబుతోంది. పొద్దున తమ్ముడి మొహంలోకి చూసినట్టే ఇప్పుడు తల్లి మొహంలోకి చూస్తూ ఎదురుచూసింది.

"వాడు చేసింది తప్పేనే," అంది తల్లి చివరికి. "పోనీలే, పెళ్లాం బిడ్డలున్నవాడు. నీకేముంది?"

"నాకు ఆ బల్ల ఉండేదమ్మా," అంది ఆవిడ.

అప్పటికే తల్లి బట్టలు మడతపెట్టడానికి పక్క గదిలోకి వెళ్లిపోయింది.