రెండు గోడల మధ్య అప్పన్న మాస్టారు

ఈ ఉదయం మా బడి వరండాలో పిల్లలు తడి బట్టలతో నిలబడ్డారు. వానలో నడిచి వచ్చారు పాపం. వాళ్ల దగ్గర పచ్చి చెరుకాకు వాసన గుప్పుమంది. ఈ ఏడు కూడా ఉచిత సీటు ఒక్కటే. ఫీజు, భోజనం, పుస్తకాలు అన్నీ బడే చూసుకుంటుంది, పిల్ల తెలివైనదైతే చాలు. ఆ తెలివైన పిల్ల ఎవరో తేల్చే పని నాది. ఏటా ఇదే పని, ఏటా ఇదే నీరసం. ఆ వాసన తగిలితే నాకు అప్పన్న మాస్టారు గుర్తొస్తారు.

అప్పట్లో మేం ఇక్కడే ఫిజీలో, పెనాంగ్ అనే మిల్లు వాళ్ల చెరుకు తోటల్లో కూలీ లైన్లలో ఉండేవాళ్లం. గిర్మిట్ మీద, అంటే అయిదేళ్లు పని చేస్తామని వేలిముద్ర వేసి ఓడెక్కి ఫిజీ వచ్చినవాళ్లకి కంపెనీ కట్టించిన పొడవాటి రేకుల కొట్టాలవి. సంసారానికో గది. ఒంటరి మగవాళ్లయితే ముగ్గురికి ఒకటి. గదుల మధ్య చెక్క గోడలు కప్పు దాకా వెళ్లేవి కావు. పక్కవాళ్ల తాలింపు, తగువు, గురక అన్నీ అందరి సొత్తే. మా పక్క గది అప్పన్న మాస్టారిది. విశాఖపట్నం వైపు ఏదో ఊళ్లో పిల్లలకి చదువు చెప్పుకునే మనిషి, ఫిజీలో కూడా పంతులు ఉద్యోగమేనన్న ఏజెంటు మాట నమ్మి వచ్చి చెరుకు కత్తి పట్టారు. ఆయనకి అవతలి గదిలో నా ఈడు పిల్ల పైడమ్మ, దాని అమ్మానాన్నలు ఉండేవారు.

మగాళ్ల గదిలోకి ఆడపిల్లని పంపడానికి మా అమ్మ ససేమిరా అంది. బయట కూర్చుని చెప్పే ఓపిక ఆయనకి లేదు. పొద్దుగూకే వేళకి తోటలోంచి వచ్చి, బల్ల మీద వెల్లకిలా పడుకుని, గోడల మీంచి పాఠం చెప్పేవారు. ఇటు గోడకి చెవి పెట్టి నేను, అటు గోడకి పైడమ్మ. ఎక్కాలు, ఇంగ్లీషు మాటలు, దేశాల పేర్లు. ఏది అడిగినా పైడమ్మే ముందు చెప్పేసేది. నాకు ఒళ్లు మండేది.

"ఏటే నర్సీ, మాటాడవు? తొంగున్నావేటి?"

"నేదు మాస్టారూ. అది సెప్పేసినాది."

"అది సెప్తే నీకేటి? నువ్వూ సెప్పు. సదువేటి, ఒకలు తింటే అయిపోద్దా?"

ఆయన ముఖం నాకు సరిగ్గా గుర్తు లేదు. మేం లేచేసరికే పనిలోకి వెళ్లిపోయేవారు. అలిసిపోయిన ఆ బొంగురు గొంతు మాత్రం బాగా తెలుసు.

ఒకసారి పట్నంలో సొంతంగా బడి నడిపే తెల్ల దొరసాని మా తోటకి వచ్చింది. లైన్లలో చురుకైన ఆడపిల్లనొకర్ని తీసుకెళ్లి ఉచితంగా చదివిస్తుందట. ఆ సీటు రాకపోతే నాకైనా పైడమ్మకైనా కలుపు గ్యాంగే. బాలింత కాబట్టి ఇంటి దగ్గరున్న మా అమ్మ మమ్మల్నిద్దర్నీ ఆఫీసు వరండాకి తీసుకెళ్లింది. నన్ను ముందు పిలిచారు. దొరసాని ప్రశ్న అడిగిందో లేదో, నేను చటుక్కున ఆవిడకి వీపు తిప్పి గోడకేసి నిలబడ్డాను. పాఠం అప్పజెప్పడమంటే నాకు తెలిసింది అదే మరి. ఆవిడ మొహం ఎర్రబడింది. "పొగరు," అన్నాడు గుమాస్తా. ఇటు తిప్పి నిలబెట్టారు. ఆ నీలి కళ్లు చూసేసరికి నోరు పెగల్లేదు.

మాస్టారు ఎదుటి తోటలోనే చెరుకు నరుకుతున్నారు. అమ్మ గట్టు మీదికి పరుగెత్తింది.

"మాస్టారూ! గుంట నోరిప్పట్నేదు, రండి బాబూ!"

గిర్మిట్ కూలీ పని మధ్యలో వదిలి రావడం నేరం. కోర్టుకి ఈడుస్తారు. అది ఆయనకి తెలుసు, అమ్మకీ తెలుసు. కత్తి పడేసి వచ్చారు. వెనకే మేస్త్రీ, మా మాటల్లో సర్దార్, బూతులు తిడుతూ వచ్చాడు. మాస్టారు దొరసానికి ఇంగ్లీషులో ఏదో నచ్చజెప్పి నాతో అన్నారు: "నర్సీ, గోడకేసే నిలబడు. ఆయమ్మ గదిలోకెల్లి అడుగుతాది." ఆవిడ నిజంగానే లోపలికి వెళ్లింది. గోడ అవతల నుంచి ప్రశ్నలు వచ్చాయి. గడగడా చెప్పేశాను. ఆవిడ నవ్వుతూ వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. ఇంకో పిల్ల కూడా ఉంది, ఇంతకన్నా తెలివైనది అని మాస్టారు చెబుతుండగానే సర్దార్ ఆయన రెక్క పట్టుకుని మెట్లు దింపేశాడు. సీటు నిండిపోయింది. పైడమ్మని ఎవరూ ఏమీ అడగలేదు.

ఆయనకి జైలు వేశారు. జైల్లో గడిచిన రోజుల్ని గిర్మిట్ అయిదేళ్ల మీద అదనంగా కలిపారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

మొదటి సెలవులకి వచ్చి, గోడకి చేరబడి బడి ముచ్చట్లన్నీ ఏకరువు పెట్టాను. ఆయన నవ్వడం అప్పుడే విన్నాను. నవ్వుతో పాటే దగ్గు వచ్చింది.

"నాకింక ఓపిక నేదే. పైడమ్మ కాడికెల్లి, నువ్వు నేర్సిందల్లా దానికి సెప్పు."

వెళ్లాను. కలుపు గ్యాంగులోంచి వచ్చిన పైడమ్మ కాళ్లు కూడా కడుక్కోకుండా గోడకి జారబడింది. అరచేతుల నిండా బొబ్బలు. రెండో మాటకే కళ్లు మూతలు పడ్డాయి. నాకు ఏడుపొచ్చింది.

"మాస్టారూ, ఇది నిద్దరోతంది."

"నేపకు. సెప్తా ఉండు." దగ్గు తెరిపినిచ్చాక అన్నారు: "ఆ సీటు నీదే నర్సీ. దానిది కూడానూ."

మరుసటి సెలవులకి మాస్టారి గదిలో వేరే మనుషులున్నారు. దగ్గు ముదిరి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లారట, మళ్లీ రాలేదు. పైడమ్మకి పెళ్లి చేసి వేరే తోటకి పంపేశారు.

ఇవాళ ఆ సీటుకి ఒక పిల్ల పేరు రాసి ఇచ్చేశాను. మిగతావాళ్లని సాయంత్రం మా ఇంటికి రమ్మన్నాను. ఏటా రమ్మంటాను. బడివాళ్లు నా చాదస్తానికి నవ్వుకుంటారు. పిల్లలు ఇళ్ల దగ్గర పనులు ముగించుకుని వచ్చి చాప మీద కూర్చున్నారు. చివరి పిల్ల అప్పుడే తల వాల్చేసింది. నాకూ ఓపిక లేదు. ఆ పిల్లని లేపలేదు, పాఠం ఆపలేదు.